బావగారి ఆంప్లిఫయర్, అక్క గరిటె

మొన్న చలికి వణుక్కుంటూ భీమవరంలో మా అక్క వాళ్లింటికి వెళ్లేసరికి హాల్లో, ఆంప్లిఫయర్ పెట్టిన స్టాండు పై అరలో మూత పెట్టిన స్టీలు గిన్నె ఒకటి కనబడింది. మూత తీసి చూస్తే పెరుగు. గిన్నె వంచినా కదలనంత గట్టిగా తోడుకుని ఉంది. "చలికి తోడుకోవట్లేదురా. మీ బావగారి పెట్టె ఎలాగూ పడుకునేదాకా కాగుతూనే ఉంటుంది, ఆ వేడి పోనివ్వడం ఎందుకని అక్కడ పెడుతున్నా" అంది అక్క. ఆ పెట్టె అమ్మినాయన వింటే ఏమైపోతాడో పాపం. దాని మీద అగ్గిపెట్టె కూడా పెట్టొద్దని రెండు చేతులూ జోడించి మరీ చెప్పి వెళ్లాడాయన. ఆ మాటే గుర్తుచేస్తే, "మీద పెట్టొద్దన్నాడు, పై అరలో పెట్టొద్దన్లేదుగా" అంది. అక్కతో వాదించి నెగ్గినవాళ్లు మా ఇంటా వంటా లేరు. నేను మూత పెట్టేసి, ఆ పెట్టె మీదుగా వస్తున్న వెచ్చదనానికి కాసేపు చేతులు చాపి నిలబడ్డాను. ఈ పెట్టె ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఆదివారం కళ్లముందు కదిలింది.

మా బావగారు నన్ను 'మేష్టారూ' అంటారు. రాజమండ్రిలో కాలేజీ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనందుకు అది నాకు దక్కిన బిరుదు. వయసులో ఉండగా ఆయన చర్చి కొయిర్‌లో పాడేవారు. పెళ్లిచూపుల్లో మా అక్క ఓ కీర్తన పాడితే, అందరూ తలలూపుతుంటే, ఈయన మాత్రం శ్రుతి ఎక్కడ తప్పిందో చెప్పి, చెప్పాక ఆవిణ్ణే చేసుకుంటానన్నారు. చేసుకున్నందుకు సంతోషించింది గానీ ఆ మాట మాత్రం అక్క ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత రొయ్యల చెరువులు వచ్చాయి. వాటితోపాటు రేయింబవళ్లు నీళ్లు చిలికే ఏరియేటర్ల మోత వచ్చింది. ఆ మోత ఆగిందంటే నీళ్లలో గాలి తగ్గి రొయ్య తేలిపోతుంది. కాబట్టి చెరువున్న మనిషికి అది వినబడుతున్నంతసేపే మనశ్శాంతి. ముప్ఫై ఏళ్లపాటు ఆయనకి అదే సంగీతం. కొయిర్ మానేశారు, రేడియో మానేశారు, ఆఖరికి స్నానాల గదిలో కూనిరాగం కూడా మానేశారు.

నిరుడు చెరువులు చాలావరకు లీజుకిచ్చేసి కాస్త తీరిక చిక్కగానే చేసిన మొదటి పని హైదరాబాదు వెళ్లి ఓ స్పీకర్ల జత కొనుక్కురావడం. ఒక్కోటి మనిషంత ఎత్తు, వాల్‌నట్ చెక్కతో, అద్దంలా పాలిషు. వాటిని దింపుతుంటే పక్కింటి ఐసు ఫ్యాక్టరీ ఆయన వచ్చి "బీరువాలాండీ? తలుపులేవండీ?" అని అడిగారు. అక్క మొదటిరోజే ఒక్కోదాని మీద ఒక్కో పూలకుండీ పెట్టి, తీసెయ్యమంటే రెండు రోజులు మాట్లాడలేదు. స్పీకర్లు సరే, వాటిని పాడించే ఆంప్లిఫయర్ దగ్గరే వచ్చింది తంటా. బావగారు దాన్ని చెరువు మోటారు కొన్నట్టే కొన్నారు. మోటారుకి హార్స్‌పవర్ చూస్తారు, దీనికి వాట్లు చూశారు. అన్నింటికంటే ఎక్కువ వాట్లున్నది తెచ్చి తగిలించారు. పాట వచ్చింది, గట్టిగానే వచ్చింది, అంతే. అందులో పాడే మనిషి లేడు. కానీ చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ కాఫీ తాగి "బాగుందండి" అనేసి వెళ్లారు.

ఓ సాయంత్రం చెరువు గట్టు మీద నడుస్తూ బావగారు ఉన్నట్టుండి ఆగారు. "ఏవోయ్ మేష్టారూ, లోపం పెట్టెలో లేదేమో. నా చెవులే పోయాయేమో." చెవి డాక్టరు దగ్గరికి వెళదామన్నాను. "ఆయనేం చేస్తాడోయ్, కుయ్యిమని మోగించి వినబడిందా అంటాడు. మోత వినబడద్ది. అందులో పాట వినబడుతుందో లేదో ఆయన మిషనేం చెప్పుద్ది?" అన్నారు. మళ్లీ నాలుగడుగులు వేశాక అసలు విషయం చెప్పారు. ఆదివారం విజయవాడ నుంచి షాపాయన ఇంకో రెండు ఆంప్లిఫయర్లు తెస్తున్నాడు. వాటితో కూడా తనకి తేడా తెలియకపోతే స్పీకర్లు తిరిగి ఇచ్చేస్తారు. ఇక పాటల ఊసు ఎత్తరు. నవ్వుతూనే చెప్పారు. ఇష్టమైనదాన్ని ముప్ఫై ఏళ్లు వాయిదా వేసిన మనిషికి, తీరా అది ఇంటికొచ్చాక అందుకునే చెవి లేదని తెలిస్తే ఎలా ఉంటుంది?

"మీ చెవులకేం కాలేదు బావగారూ, నాది పూచీ" అన్నాను. ఊరికే ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదు. ఆ స్పీకర్ల కాగితాలు చదివాను. అవి ఉన్నట్టుండి కరెంటు ఎక్కువ లాగే రకం. లాగిన క్షణంలో ఇవ్వగలిగే సత్తా ఆంప్లిఫయర్‌కి ఉండాలి. పెట్టె మీద రాసిన వాట్లు ఆ సంగతి చెప్పవు. కాలువ మొదట్లో నీళ్లు ఎంత ఉంటే ఏం లాభం, శివారు చేనుకి అందాలి గానీ. ఈ పోలిక చెప్పగానే బావగారు "అదీ" అన్నారు. నా పాఠం అంత త్వరగా అర్థమైన విద్యార్థి నా సర్వీసు మొత్తంలో లేడు.

ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి షాపాయన వ్యానుతో గేటు దగ్గరున్నాడు. ఐసు ఫ్యాక్టరీ ఆయన కూడా వచ్చారు. మొదట గాజు వాల్వులున్న పెట్టె. పాతకాలపు రేడియోలో లాగా ఎర్రగా వెలుగుతూ చూడముచ్చటగా ఉంది. బావగారు ఎప్పుడూ పెట్టే పాట ఒకటే. ఒకావిడ వయొలిన్ తోడుగా పాడిన పాత క్రైస్తవ కీర్తన. గొంతు తీయగా వచ్చింది గానీ, పాట కాస్త బరువెక్కేసరికి పెట్టెకి ఆయాసం వచ్చింది. పాట అవ్వగానే షాపాయన "ఎలా ఉందండి?" అన్నాడు. "ఆయ్, బ్రహ్మాండంగా ఉందండి" అన్నారు ఐసు ఫ్యాక్టరీ ఆయన. అక్క కూడా "బాగుంది బాబూ" అంది. మా గోదావరి జిల్లాల్లో ఇదే చిక్కు. ఇంటికొచ్చిన మనిషి అంత దూరం నుంచి మోసుకొచ్చినదాన్ని మొహం మీద బాగోలేదనడానికి మాకు నోరు రాదు. బావగారు మా ముగ్గురి మొహాలూ ఒకటొకటిగా చూశారు. నేను నోరు తెరవబోయాను. వద్దన్నట్టు చెయ్యెత్తారు. తేడా తన చెవికి తెలియాలి, నా మాటకి కాదు.

రెండోది నలుగురు పట్టుకుంటే గానీ దిగలేదు. పాట ఉన్నా లేకపోయినా కరెంటు తాగుతూ కాగే రకం అది. "బాగా వేడెక్కితే గానీ దీని గుణం తెలియదండి" అంటూ షాపాయన అదే కీర్తన చిన్నగా, ఆగకుండా తిరిగేలా పెట్టాడు. వేడెక్కేలోపు భోజనాలన్నాం. హాలు చివరే భోజనాల బల్ల. ప్రార్థన చేసుకుని కూర్చున్నాం. మా అక్క వడ్డన గురించి చెప్పాలి. కడుపు నిండిందని కంచం మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డించే మనిషి. రొయ్యల వేపుడు, బొమ్మిడాయిల పులుసు, మళ్లీ వేపుడు. షాపాయన "చాలండి మేడమ్ గారూ, వొద్దండి" అని బతిమాలుకుంటుంటే "ఆ వయసులో అంతేనా తినడం!" అని ఇంకో గరిటె. ఆవిడ కొసరడం ఆపగా మేమెవ్వరం ఎప్పుడూ చూడలేదు, కరెంటు పోయినా ఆపదు, కోడలికి నొప్పులొచ్చినరోజు కూడా ఆపలేదు.

ఎప్పుడు ఆగిందో చెప్పలేను. నా కంచం ఖాళీ అయింది, ఎవరూ అడగలేదు. తలెత్తి చూస్తే అక్క షాపాయన పక్కన పులుసు గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. పులుసు చుక్కలు బల్లగుడ్డ మీద పడుతున్నాయి. ఆవిడ చూపు హాలు వైపు ఉంది. పెదవులు కదులుతున్నాయి, పాటలో పాడుతున్న ఆవిడతో పాటు. ఐసు ఫ్యాక్టరీ ఆయన నమలడం మానేశారు. షాపాయన తెలివైనవాడు, ఈసారి ఎలా ఉందని అడగలేదు. బావగారు కళ్లు మూసుకుని ఉన్నారు. "మేష్టారూ, వెనకాల తంబురా ఉందోయ్. అదెప్పుడూ ఉందా?" అన్నారు మెల్లిగా. నాకు వినబడలేదు. ఆయన చెప్పాక చెవి పెడితే అప్పుడు వినబడింది, గొంతుకీ వయొలిన్‌కీ వెనక, ఎక్కడో దూరంగా, ఆగకుండా. ఇంతలో అక్క గొంతు కాస్త పైకొచ్చింది. పల్లవి పూర్తయ్యేదాకా పాడింది. బావగారు కళ్లు తెరిచి ఆవిడ వంక చూసి అన్నారు, "ఈసారి ఎక్కడా తప్పలేదు నువ్వు."

"ఇన్నేళ్లకా చెప్పడం!" అంది అక్క. అని, చేతిలో గరిటె వంక చూసుకుని "అయ్యో నా మతి మండా, ఎవరికీ పెరుగు వెయ్యనేలేదు" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది. కళ్లు తుడుచుకోడానికే వెళ్లిందని నాకు తెలుసు. బావగారు మాత్రం ఎంగిలి చెయ్యి అలాగే ఉండగా షాపాయనతో "ఇది ఉంచేయండి. మిగతావి ఎక్కించుకుపోండి" అన్నారు. చెరువు బేరాల్లో ఆయన గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది, ఇక దానికి తిరుగులేదు. ఐసు ఫ్యాక్టరీ ఆయన గేటు దగ్గర నా చెవిలో "పొద్దున్నది అంత బాలేదండి, అసలు" అన్నారు. అప్పటికి షాపాయన వ్యాను సందు తిరిగేసింది.

మొన్న నేను వెళ్లినప్పుడు కూడా ఆ కీర్తనే మోగుతోంది. అక్క చలిమిడి చేస్తూ వంటింట్లోంచి అందుకుంటే, బావగారు కుర్చీలోంచి కింది గొంతు కలిపారు. తోడుపెట్టిన పాలని మాటిమాటికీ కదపకూడదంటుంది మా అక్క. ముప్ఫై ఏళ్లు ఎవరూ కదపకుండా వదిలేసిన ఇష్టం కూడా కాస్త వెచ్చదనం తగలగానే అలాగే గట్టిగా తోడుకుంటుంది. ఇన్నాళ్లూ దాన్ని కాలం పాలలా విరిచేసిందనుకున్నాం.