తల కడుక్కుని కూర్చో

ఒక కత్తెర కోసం నేను ముగ్గురి మీద చెయ్యి చేసుకున్నాను. ఒకరు నా భార్య, ఒకరు నా బావమరిది, మూడోవాడు హార్బరులో పనిచేసే ఒక కళాసీ. కత్తెరను మాత్రం ఏనాడూ బల్ల మీద చప్పుడయ్యేలా కూడా పెట్టలేదు.

అవి డెబ్బైల చివరి రోజులు. పూర్ణా మార్కెట్ వెనక సందులో రెండు కుర్చీలు, రెండు అద్దాలున్న సెలూను నాది. ఒక కుర్చీ దగ్గర నేను, రెండో దాని దగ్గర బావమరిది నిలబడేవాళ్ళం. అప్పట్లో హార్బరుకు వచ్చిన ఓడల్లోకి క్షవరం పనికి పిలిస్తే వెళ్ళేవాణ్ణి. అలా వెళ్ళిన ఒక ఓడలో ఒక ముసలి తెల్ల మంగలి ఉండేవాడు. చూపు మందగించి పని మానేస్తున్నాడట. నా పని కాసేపు చూసి, తన కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు. అతని భాష నాకు రాదు, నా భాష అతనికి రాదు. ఒక పిడి పట్టుకుని, రెండోది పైకెత్తి వదిలి చూపించాడు. పై రేకు మెల్లగా దిగి, పూర్తిగా మూసుకోకుండానే ఆగింది. ఠపీమని మూసుకుంటే మర వదులైనట్టు, అసలు దిగకపోతే బిగుసుకున్నట్టు. ఇంత పాఠం సైగల్లోనే చెప్పేశాడు.

ఆ కత్తెరను నేను చంటిపిల్లను సాకినట్టు సాకాను. ఒక్కో తల పూర్తవగానే పాత పంచె గుడ్డతో తుడిచేవాణ్ణి. సముద్రపు గాలికి విశాఖలో ఇనుము ఊరికే ఉండదు, తెల్లారేసరికి తుప్పు చారలు తేలతాయి. అందుకని కొట్టు కట్టేముందు మర దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి, పదిసార్లు ఆడించి, మిగిలింది తుడిచి, ఫ్లానెల్ గుడ్డలో చుట్టేవాణ్ణి. కొబ్బరినూనె వేస్తే జిగురు కడుతుంది. పదును చూడాలంటే తడి దూదిని కత్తిరించాలి. దూది జారిందా, పదును పోయినట్టే. ఖాళీ కత్తెర ఆడిస్తే ఇంట్లో తగువులొస్తాయని పెద్దవాళ్ళంటారు గాని, రోజంతా ఆడించేవాణ్ణి నేను. మా ఇంటి తగువులకు కత్తెరను తప్పుపట్టలేను.

మంగళవారం సెలవు. ఆ రోజు కత్తెరను ఇంటికి తెచ్చి, మర విప్పి, లోపల పేరుకున్న మురికి తీసేవాణ్ణి. ఒక మంగళవారం నా భార్య జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళ జాకెట్లు తెచ్చి కుట్టేది. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి, చాప మీదున్న నా కత్తెర తీసి దారం తుంచుతోంది.

"ఏటే, దాన్తో దారం కత్తిరిత్తావా?" అన్నాను.

"కత్తిరన్నది కత్తిరించడానికి కాదేటి?" అని నవ్వింది.

ఆ నవ్వు పూర్తికాకుండానే చెంప మీద కొట్టాను. మనిషి పక్కకు ఒరిగిపోయింది. రెండు రోజులు ఆ చెవి సరిగ్గా వినబడలేదని తర్వాత పక్కింటావిడ చెప్పింది. నా భార్య ఆనాటి నుంచి దారాన్ని పళ్ళతో కొరకడం మొదలుపెట్టింది. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. నా కత్తెర జోలికి రావడం లేదు కదా అని సంతోషించాను కూడా.

బావమరిదిని కొట్టింది రోడ్డు మీద. నాకు సాయం చేద్దామని పాపం, చక్రం మీద సానపట్టేవాడికి కత్తెర ఇవ్వబోయాడు. మంగలి కత్తెర రేకు లోపలి వైపు కాస్త గుల్లగా, వంపుగా ఉంటుంది. చక్రం తగిలి అది చదునైతే ఇక ఆ కత్తెర జుట్టును కొయ్యదు, నములుతుంది. చక్రం తగలకముందే నేను చూశాను. నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా, వీపు మీద నాలుగు గుద్దాను. "సాలు బావా, సాలు" అంటూ తల దించుకుని నిలబడ్డాడు.

ఇక దుమ్ము సంగతి. హార్బరు వైపునుంచి ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా లేచి పాత ఊరి మీద పడేది. కిటికీ ఊచల మీద, ఆరేసిన పంచెల మీద, అన్నం గిన్నె మూత మీద కూడా అదే. ఓడల్లోకి ఖనిజం ఎత్తే కళాసీల తలల్లో అది ఇసుకలా ఉండేది. పొడి తల మీద కత్తెర పెడితే కరకరమనేది, రెండు తలలకు పదును చచ్చేది. అందుకని కొట్టు ముందున్న కుళాయి చూపించి, "తల కడుక్కుని కూర్చో" అనేవాణ్ణి. చాలామంది నవ్వుతూ వెళ్ళి కడుక్కొచ్చేవారు.

ఓడల ఏజెంటు ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. ఇస్త్రీ చొక్కా వేసుకుని రోజంతా ఆ జెట్టీ మీదే తిరిగేవాడు. ఆయన కాలరు లోపల కూడా ఎర్రచార ఉండేది. ఆయన్ని మాత్రం నేను కుళాయి దగ్గరకు పంపలేదు. గుడ్డతో తల దులిపి కూర్చోబెట్టేవాణ్ణి. ఎందుకని ఎవరైనా అడిగితే, ఆయన తలలో దుమ్ము తక్కువని చెప్పి ఉండేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున్న ఒకడు అడిగాడు. గుమాస్తా క్షవరం చేయించుకుని వెళ్ళగానే, అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న ఒక కళాసీ వచ్చి కుర్చీ ఎక్కాడు. నా ఈడువాడే. అప్పటి ఫ్యాషను ప్రకారం చెవులు కప్పేలా జుట్టు పెంచాడు.

"కుళాయి కాడ తల కడుక్కుని రా," అన్నాను.

"ఇప్పుడెల్లినాయన కడుక్కున్నాడేటి?"

"ఆయన సంగతి నీకెందుకు?"

"నాకే కావాల. ఇద్దరం ఒక్క జెట్టీ మీంచే వొత్తన్నాం. ఆయన నెత్తి మీద పడిన దుమ్మే నా నెత్తి మీదా పడింది. నన్ను ముట్టుకుంటే నీ కత్తిర మైలపడిపోద్దా?"

అతని కాలరు పట్టుకుని "దిగరా" అని లాగాను. అతను కాలితో తన్నాడు, అద్దం భళ్ళున పగిలింది. ముక్కలు మా ఇద్దరి కాళ్ళ కిందా పడ్డాయి. నా కుడిచేతిలో కత్తెర ఉంది. దానికి దెబ్బ తగులుతుందని ఎడమచేత్తో కొట్టాను. అంత కోపంలోనూ నా ధ్యాస దాని మీదే ఉంది. అతని మోచెయ్యి నా ముక్కు మీద పడింది, నోట్లోకి ఉప్పగా రక్తం దిగింది. అప్పుడు ఏ చెయ్యి లేచిందో చూసుకోలేదు. కత్తెర అతని జుట్టులోంచి దూరి చెవి పైభాగాన్ని కోసేసింది. అతను నా చెయ్యి విదిలించేసరికి కత్తెర జారి, మొన కిందికై సిమెంటు మీద పడింది.

ఆ చప్పుడు నాకు ముందు వినబడింది. అతని అరుపు తర్వాత వినబడింది. ఇన్నేళ్ళయినా నన్ను నేను క్షమించుకోలేనిది ఆ వరుస.

అతన్ని రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పావుగంటలో పదిమంది కళాసీలు వచ్చిపడ్డారు. కుర్చీలు విరిచారు. నన్ను కాలువ పక్కకు ఈడ్చి కాళ్ళతో తన్నారు. రెండు పక్కటెముకలు విరిగాయి. బావమరిది నా మీద అడ్డంగా పడి నాకు తగలాల్సినవి కొన్ని తను తిన్నాడు. నెలన్నర కిందట నడిరోడ్డు మీద నేను గుద్దిన వీపే అది.

అతని చెవికి కుట్లు పడ్డాయి గాని పైముక్క పోయింది. అతను కేసు పెడితే నాకు జైలు తప్పదు. కొట్టు పోతుంది, భార్య, ఇద్దరు పిల్లలు రోడ్డున పడతారు. పదోరోజున అతని తరఫు పెద్దలు, మా కులపెద్దలు మా కొట్టు అరుగు మీదే కూర్చున్నారు. మావాళ్ళు ఆసుపత్రి ఖర్చు మాట ఎత్తబోతే అతను చెయ్యెత్తి ఆపాడు.

"నాకు డబ్బులొద్దు. ఆ కుళాయి కాడ నా తల ఈడి సేత్తోనే కడగాల. ఆ కత్తిరతోనే కత్తిరించాల. ఈదంతా సూడాల. అప్పుడు కేసు నేదు, ఏటీ నేదు."

దానికంటే జైలే నయమనిపించింది. ఎలమంచిలి దగ్గర మా ఊళ్ళో మా నాన్నను పెద్దిళ్ళవాళ్ళు పెరటి దారినే రానిచ్చేవారు. ఎండలో గంటలకొద్దీ నిలబెట్టేవారు. అది పడలేకే నేను పట్నం వచ్చి అద్దాల సెలూను పెట్టుకున్నాను. మళ్ళీ నడివీధిలో ఒకడి ముందు వంగమంటారా అని పళ్ళు కొరుక్కున్నాను. బావమరిది నా చెవిలో, "ఒప్పేసుకో బావా. మా అక్క మొకం సూసి ఒప్పేసుకో," అన్నాడు. ఒప్పుకున్నాను.

కుట్లు ఇంకా విప్పకముందే అతను వచ్చాడు. కావాలనే పనిలోంచి నేరుగా, ఒంటినిండా దుమ్ముతో వచ్చాడు. కుళాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. వీధి వీధంతా నిలబడింది. పక్కటెముకల కట్టుతో వంగలేక వంగి చెంబుతో నీళ్ళు పోశాను. ఎర్రగా కారేసరికి కుట్లు తెగాయేమోనని చెంబు ఆపాను. రక్తం కాదు, ఖనిజం. నాలుగు చెంబులకు గాని నీళ్ళు తేటపడలేదు. చెవి చుట్టూ నల్లదారాలు తగలకుండా వేళ్ళతో రుద్దుతుంటే, నడినెత్తిన జుట్టు అరిగిపోయి కనబడింది. ఏళ్ళ తరబడి తట్టలు మోసిన నెత్తి అది. అప్పుడు నాకు సిగ్గేసింది. వీధి చూస్తున్నందుకు కాదు.

విరిగిన కుర్చీకి కర్రముక్క ఆనించి కూర్చోబెట్టాను. కత్తెర మొన వంగిపోయి ఉంది. తెగాల్సిన చోట జుట్టును పట్టి లాగుతోంది. నొప్పెడుతోందని నాకు తెలుసు, అతను కదల్లేదు. సగం పని అయ్యాక అడిగాడు:

"దీని కోసం ఇంకెవుర్ని కొట్టినావు?"

పక్కన నిలబడ్డ బావమరిది నేల చూపులు చూశాడు. అతనికి జవాబు అందినట్టే ఉంది. పని పూర్తయ్యాక దిగి, భుజాల మీది జుట్టు దులుపుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా కొట్టుకు రాలేదు.

నెల తిరిగాక గుమాస్తా వచ్చాడు. నేను కుర్చీకి అడ్డంగా నిలబడి కుళాయి చూపించాను. "తల కడుక్కుని కూర్చోండి బాబూ," అన్నాను. ముందు వేళాకోళం అనుకుని నవ్వాడు. రెండోసారి అనేసరికి మొహం మారిపోయింది.

"ఏవిటయ్యా, మంగలాడివి, నువ్వా నాకు శుభ్రం నేర్పేది?" అని లాగి చెంప మీద కొట్టి వెళ్ళిపోయాడు.

నా చెయ్యి లేవలేదు. మంచివాణ్ణి అయిపోయానని కాదు. అలాంటివాళ్ళ మీద నా చెయ్యి ఎప్పుడూ లేవలేదు. నేను కొట్టిందంతా నాకంటే తక్కువని నేననుకున్నవాళ్ళనే.

ఆ మధ్యాహ్నం కొట్టు బావమరిదికి వదిలి, కత్తెర తీసుకుని ఇంటికి వెళ్ళాను. దాని వంగిన మొన ఇక ఎవరూ సరిచెయ్యలేరు. నా భార్య గుమ్మంలో కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. ఫ్లానెల్ గుడ్డ విప్పి కత్తెర ఆమె ముందు పెట్టాను.

"ఇది నువ్వుంచుకో. దారానికి పనికొత్తాది."

ఆమె కత్తెర వైపు చూడలేదు. నా చెంప చూసింది. వేళ్ళ అచ్చులు తేలి ఉన్నాయి కాబోలు.

"ఎవురు కొట్టారు?"

జరిగిందంతా చెప్పాను.

"మండతన్నాదా?"

"మండతన్నాది."

"నాది ఇంకా తగ్గనేదు," అంది. కత్తెరను వేలితో పక్కకు జరిపి, దారాన్ని పళ్ళతో కొరికింది.