మోత వచ్చే టైర్లు

మా ఆయనకు నడుం పూస జారి, డాక్టరు ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్న ఏడాది నేను పికప్ నడపడం నేర్చుకున్నాను. కర్ణాటకలో బాళగనూరు పక్కన మా క్యాంపులో స్కూటీ నడిపే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. పికప్ నడిపేది మాత్రం నేనొక్కదాన్నే. విత్తనాలు, ఎరువు బస్తాలు, నాట్లకొచ్చే ఆడవాళ్ళు, అన్నీ, అందరూ నా బండిలోనే చేనుకు చేరాలి.

మా మామగారి తరంలో గోదావరి జిల్లా నుంచి వచ్చి, కాలవ కింద ఈ నల్లరేగడి కొని స్థిరపడిన కుటుంబాలు మావి. ఇలాంటి ఊళ్ళనే ఇక్కడ క్యాంపులంటారు. మా చేనుకు ముందు మా బావగారి చేను ఉంటుంది. బావగారంటే మా ఆయన పెదనాన్నగారి కొడుకు. తారు రోడ్డు దిగాక మా రెండు చేలకూ ఒకటే మట్టి దారి. ఆ దారిని పాడుచేసింది బావగారే. ఆయన మడిలో ఎక్కువైన నీళ్ళు పోవడానికి వెనక మురుగు కాలవ ఉంది. దాని పూడిక తీయించడానికి బద్ధకించి, గట్టుకు గండి కొట్టి నీళ్ళు దారి మీదికి వదిలారు. మా ఆయన రెండుసార్లు వెళ్ళి చెప్పారు. రెండుసార్లూ "చూద్దాంలేరా" అనే అన్నారు.

ఆ ఏడు కోతల్లో తుఫాను వాన పట్టింది. వచ్చే పంటకు విత్తనంగా ఉంచుకుందామని మంచి మడి చూసి విడిగా కోయించిన ధాన్యం ఇంకా చేలోనే ఉంది. బస్తాల మీద పరదా కప్పి ఇంటికి తెస్తుంటే, సరిగ్గా ఆ గండి దగ్గర బండి కూరుకుపోయింది. ఎంత తొక్కినా వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. నల్లరేగడి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. టైరు గాడుల్లో నిండిపోయి, చక్రాన్ని నున్నటి బంతిలా చేసేస్తుంది. ఇక ఏ పట్టూ ఉండదు.

బావగారు తన షెడ్డు అరుగు మీద నిలబడి చూస్తున్నారు. పక్కనే ట్రాక్టరు ఉంది.

"బావగారూ, ఒక్కసారి లాగించండి. విత్తనం తడిసిపోతోంది!" అని కేకేశాను.

"డ్రైవరు టీ తాగడానికి వెళ్ళాడమ్మాయ్. రానీ."

డ్రైవరు ఆయన వెనకే గోనె సంచి మీద కూర్చుని ఉన్నాడు. నాకు కనిపిస్తూనే ఉన్నాడు. బావగారి చేతిలో ఫోను నావైపు తిరిగి ఉంది. ఎవరితోనో మాట్లాడుతున్నారనుకున్నాను. గాలికి పరదా లేచిపోతే దాన్ని పట్టుకోబోయి బురదలో బోర్లా పడ్డాను. లేచాను, మళ్ళీ పడ్డాను.

సాయంత్రానికి ఆ వీడియో మా చుట్టాల గ్రూపులో ఉంది. కింద బావగారు రాసిన మాట: "మా మరదలి డ్రైవింగ్ స్కూలు. చేరేవారు చేరవచ్చు."

బండి మర్నాడు గానీ బురదలోంచి బయటికి రాలేదు. ధాన్యం బస్తాల్లోనే మొలకెత్తిపోయింది. అది ఒక బాధ. కానీ మాఘమాసంలో సింధనూరులో ఒక పెళ్ళికి వెళ్తే, పంక్తిలో నా పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ నన్ను తేరిపార చూసి, "ఆ బురద వీడియోలో ఉంది మీరేనాండీ? ఎంత నవ్వుకున్నామో!" అంది. నేనూ నవ్వాను. చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. వచ్చే వానల్లో అదే చోట, ఆయన చూస్తుండగా, బండి ఆపకుండా దాటాలనీ, ఆ మనిషి మొహాన బురద పడాలనీ అక్కడే అనుకున్నాను. మొహాన బురద అన్నది మాటవరసకు అనుకున్నది కాదు.

వానలు మొదలయ్యే ముందు రాయచూరు వెళ్ళాను. స్టేషన్ రోడ్డులో ఒక పాత టైర్ల కొట్టు ఉంది. యజమాని డెబ్బై దాటిన మనిషి, తరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళు. నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద బొటనవేలితో రాసి చూశారు.

"ఏందమ్మా, గిట్ల నున్నగయ్యేదాంక నడిపినవ్? ఇవి లైన్ టైర్లు, ఉత్త గీతలే ఉంటయ్. తారు రోడ్డుకు మంచిగుంటయ్. బురదల ఏం పనికొస్తయ్?"

"బురదలో పట్టేవి కావాలండి. ఉన్నవాటిలో అన్నింటికంటే మొరటువి చూపించండి."

మూడు రకాలు దొర్లించి గోడకు ఆనించారు. మొదటిది రోడ్డుకూ మట్టికీ సగం సగం పనికొచ్చేది. మూడోది చూస్తేనే భయమేసింది. రబ్బరు దిమ్మలు, వాళ్ళు బటన్లు అంటారు, బెల్లం అచ్చుల్లా లేచి ఉన్నాయి. నా చెయ్యి దానిమీదికే పోయింది.

"అది వద్దు. ఉత్త బురద టైరు. తడి తారు మీద బ్రేకు కొడితే ఆగదు. నువ్వు కూలోళ్ళను ఎక్కిచ్చుకుంటవ్ గద? ఈ నడిమిది తీస్కో. అన్ని దారులల్ల పోతది. బటన్ల నడుమ సందు పెద్దది, చక్రం తిరిగినప్పుడు మట్టిని అదే ఇసిరి పారేస్తది. ఇగో, పక్కలకు గూడ పండ్లున్నయ్ చూడు. గాడిల పడ్డా గోడ పట్టుకొని ఎక్కుతది."

"ఇంకాస్త వెడల్పువి వేయించుకోనా?"

"జర్రంత గూడ వద్దు. మడ్గార్డుకు తగుల్తది. నల్లరేగడిల వెడల్పు టైరు పైన్నే జారుతది. సన్నగుంటే కోసుకుంట పోయి కింద గట్టి నేలను పట్టుకుంటది." ఆగి, కళ్ళద్దాల మీదుగా చూశారు. "ఒక్కటి ముందే చెప్తున్న. డీజిలు కొంచెం ఎక్కువ తాగుతది. రోడ్డెక్కితే మోత వస్తది. అర కిలోమీటరు దూరంకెల్లి ఇనొస్తది."

"మోత రావాలండి," అన్నాను.

ముసలాయన నడిమి టైరును నా ముందుకు దొర్లించారు. "గీ టైర్లు దారి కోసమా అమ్మా, మనిషి కోసమా?"

"దారి కోసమేనండి," అని అబద్ధం చెప్పాను. నాలుగు చక్రాలకూ అవే వేయించుకున్నాను.

ఇంటికి రాగానే మా ఆయన వాటిని చూసి, "ఇవేం టైర్లే, కోరల్లా ఉన్నాయి," అన్నారు. అప్పటినుంచీ రోజుకు రెండుసార్లు, పని ఉన్నా లేకపోయినా, బావగారి ఇంటి ముందు తారు రోడ్డు మీద నుంచి వెళ్ళేదాన్ని. మోత మొదలవగానే ఆయన పేపరు దించి చూసేవారు. నాకు ప్రాణం హాయిగా ఉండేది.

వానలు పడ్డాయి. గండి దగ్గర మోకాలి లోతు బురద తయారైంది. మొదటిరోజు గుండె చిక్కబట్టుకుని దిగాను. టైర్లు కొరుక్కుంటూ పోయాయి. బురద ముద్దలు ముద్దలుగా రెండు పక్కలా ఎగిరిపడింది. ఆగకుండా అవతలికి తేలాను. వెనక కూర్చున్న కూలీ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాత వారం రోజులు అవసరం లేకపోయినా అటూ ఇటూ తిరిగాను. ఆయన అరుగు మీద ఉంటే మరీను.

నాట్ల కాలంలో ఒక ఉదయం, నేను కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. ఎవరి నిశ్చితార్థానికో వెళ్తూ బావగారు దమ్ము పని పురమాయించడానికి చేనుకు వచ్చినట్టున్నారు. తెల్ల కారు అదే చోట, దారికి ఒక వారగా కూరుకుపోయి ఉంది. ట్రాక్టరు దూరంగా మడి మధ్యలో ఉంది. ఇస్త్రీ చొక్కాతో, అంచు పంచె ఎత్తి పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. నన్ను చూసి చెయ్యి ఎత్తారు.

"అమ్మాయ్, తాడుంటే కాస్త లాగుదూ!"

బండి నెమ్మది చేశాను. లాగుతాననే అనుకుని ఉంటారు. గేరు మార్చి, ఆయన పక్కకు రాగానే ఒక్కసారిగా తొక్కాను. అద్దంలో చూశాను. చొక్కా నల్లగా అయింది. కళ్ళు తుడుచుకుంటున్నారు. అవతల గట్టి నేల మీద ఆపి, దిగి, ఫోను తీసి వీడియో తీశాను. "మా బావగారి కారు షికారు. చేరేవారు చేరవచ్చు," అని గ్రూపులో పెట్టాను. రెండు రోజులు చుట్టాలంతా నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. "ఎంతైనా పెద్దవాడే ఆయన," అని మాత్రం అన్నారు. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఈ సంగతి దాచుకోను.

మూడోరోజు నాట్ల ముఠాలో అందరికంటే పెద్దావిడ, నెత్తిన నారు కట్టతో ఆ దారిన నడుస్తూ పడిపోయింది. నా టైర్లు కోసిన గాడి మోకాలి లోతు ఉంది. పైన నీళ్ళు నిలిచి కనపడలేదు. చీలమండ మెలి తిరిగింది. నేనే బండిలో సింధనూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆవిడ దారి పొడవునా మూలుగుతూనే, "నీ బండి మస్తు ఊగుతదమ్మా," అంది. కట్టు కట్టించి వాళ్ళ ఇంటి దగ్గర దింపేసరికి, కూలీలను పనికి కుదిర్చే ముఠా పెద్ద గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్కా, మీ జగళ, మీ కొట్లాట మీ ఇంట్ల పెట్టుకోండ్రి. నడుమ మా కాళ్ళెందుకు ఇరగ్గొడ్తరు? ఆ దారి సక్కగయ్యేదాంక నీ చేన్లకు రాం, ఆయన చేన్లకు గూడ రాం."

అన్నంత పనీ చేశారు. రెండు కుటుంబాల నారూ మడుల్లో ముదిరిపోతోంది. వాళ్ళు మానేసిన నాలుగో రోజు పంచాయతీలో అడిగి, గుట్ట దగ్గర మొరం, అంటే ఎర్ర కంకర మట్టి, నింపుకుని తేవడం మొదలుపెట్టాను. ట్రాలీ తగిలించిన ట్రాక్టర్లు కూడా జారిపోయే ఆ ఎత్తు ఎక్కగలిగిన బండి ఆ వానలో నాదొక్కటే. ఇటునుంచి మొరం పోసుకుంటూ గండి దాకా వచ్చి ఆపాను. బావగారు గట్టు మీదే ఉన్నారు.

"నీళ్ళు మళ్ళించండి బావగారూ. లేకపోతే పోసిందంతా కొట్టుకుపోతుంది."

"ముందు ఆ వీడియో తీసెయ్."

"మీది ముందు తీయండి. పోయిన కోతల నుంచీ ఉంది."

"అందరూ ఎప్పుడో చూసేశారుగా అది!"

"మీదీ చూసేశారు."

చివరికి ఆయన ఫోను తీసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని వెతికారు. అంత పాతది అందరి ఫోన్లలోంచీ పోదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన నొక్కారు, నేను తొంగి చూశాను. తర్వాత నాది నేను తీసేశాను, ఆయన తొంగి చూశారు. క్షమించమని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. మర్నాడు వెనక మురుగు కాలవ పూడిక తీయించి గండి పూడ్పించారు. మిగిలిన మొరం నేను పోశాను. ట్రాక్టరు పంపి చదును చేయించారు. ముఠా పెద్ద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి చూసి, మరుసటి రోజు నుంచి పనిలోకి వచ్చింది.

ముదురు నారు నాటాం కాబట్టి ఆ పంట అంతంతమాత్రంగానే పండింది. ఇద్దరిదీను. పెద్దావిడ నెల తిరిగాక గానీ పనిలోకి రాలేదు. ఆవిడ కాలు చూసినప్పుడల్లా నాకు తల వంగుతుంది. బావగారి చొక్కా గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ వంగదు.

మొన్న ఆయన మా ఆయన చేత అడిగించారు, ఆ టైర్లు ఎక్కడ వేయించానో చెప్పమని. కొత్తగా పికప్ కొన్నారట. రాయచూరులో అని చెప్పాను. ఏ కొట్టో చెప్పలేదు.