ఎండబండికి బొట్టు

వడ్డేపల్లి కిష్టమ్మకు కొత్త బండి కనబడితే చెయ్యి ఊరుకోదు. దసరా వచ్చిందంటే వాడకట్టులో ఆటోలకు, ట్రాక్టర్లకు పసుపు పట్టెలు వేసి బొట్టు పెట్టేది ఆమే. ఆమె చెయ్యి మంచిదని పేరు. పత్తి చేలల్లో కూలి చేసే మనిషికి అంతకన్నా గౌరవం ఎవరిస్తారు? ఆ పేరు చూసుకుని కాస్త మిడిసిపడేది కూడా.

2007లో ఆమె కూతురు మనీషా వనపర్తిలో డిప్లొమా చదువుతూ, తోటి పిల్లలతో కలిసి ఎండతో నడిచే బండి తయారుచేసింది. కాలేజీల మధ్య పోటీ. గెలిస్తే హైదరాబాదులో జరిగే పెద్ద పోటీకి పోవచ్చు. ఎండాకాలం సెలవులన్నీ ఆ పిల్లలు దానికే ధారపోశారు. నడిపేది మనీషానే.

పోటీ రోజు కిష్టమ్మ కొంగున పసుపు, కుంకుమ కట్టుకుని మరీ వచ్చింది. పిల్లలు పేర్లు రాయించడానికి వెళ్లగా బండి ఒక్కటే నిలబడి ఉంది. బొట్టయినా లేని బండి. ఆమె ప్రాణం ఒప్పలేదు. పసుపు తడిపి, పైకప్పు మీది నల్లటి పలకలకు ఒక్కొక్కదానికి నిండుగా మూడు పట్టెలు వేసి, నడుమ కుంకుమ పెట్టింది. పిల్లలు పరుగున వచ్చి బండిని పోటీ మొదలయ్యే గీత దగ్గరికి తోశారు. పైకి ఎవరూ చూడలేదు.

బండి ఈడ్చుకుంటూ కదిలి, మొదటి మలుపులోనే ఆగిపోయింది. కాలేజీ సారు వచ్చి పైకప్పు చూశాడు. ఆ పలకల మీద వేలెడు నీడ పడినా కరెంటు పడిపోతుందని చెప్పి, ఇది ఎవరి పని అని అడిగాడు. జట్టులోని ఫరా అక్కడే ఏడ్చేసింది.

"నేనే పెట్టిన సార్" అంది మనీషా.

సారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అందరి ముందు మనీషాను చెడామడా తిట్టాడు. కిష్టమ్మ వేళ్లను కొంగులో దాచుకుని, తల వంచుకుని అంతా విన్నది. సిగ్గుతో చచ్చిపోయింది గానీ నోరు మాత్రం తెరవలేదు.

ఆ దసరాకు ఒంట్లో బాగలేదని చెప్పి ఏ బండికీ బొట్టు పెట్టలేదు. ఆ తర్వాత కూడా అంతే. మనీషా ఉద్యోగంలో చేరి స్కూటీ కొనుక్కుని వచ్చి, పసుపు గిన్నె ముందు పెడితే చేతులు వెనక్కి తీసుకుంది.

"గా దినం నేనే పెట్టిన అని చెప్పలేకపోతి బిడ్డా. నిన్ను తిట్లపాలు చేస్తి."

"నీ కొంగంతా పసుపే ఉండె అమ్మా. అందరు చూసిన్రు. నువ్వు చెప్తవేమోనని సారు జరసేపు ఆగిండు గూడ."