రాలిన కాయల చేదు

వనపర్తి బస్టాండు పక్కన బత్తాయి రసం బండి దగ్గర పిండేసిన తొక్కల కుప్ప ఒకటుంటుంది. ఎండ ఎక్కేకొద్దీ అందులోంచి ఘాటైన చేదు వాసన లేస్తుంది. అందరూ ముక్కు మూసుకుని పోతుంటే నేను ఆగి గుండెల నిండా పీల్చుకుంటాను. కాన్సర్ మీద జరిగిన ఒక యుద్ధానికి నేను సేనాపతిని మరి. సరే, సేనాపతిని కాను, సిపాయిని కూడా కాను. తొక్కలు ఎండబెట్టి పంపినవాణ్ని. యుద్ధం చేసింది సరళ.

సరళది ఆత్మకూరు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేసేది. బత్తాయి తొక్కలోని సారం కాన్సర్ కణాల పెరుగుదలను అడ్డుకుంటుందా అన్నది ఆమె ప్రశ్న. పురుగుమందు తగలని తొక్కలు కావాలని బిజినేపల్లి దగ్గరి మా తోటకు వచ్చింది. మా తోట పురుగుమందే ఎరగదని గొప్పగా చెప్పాను. నిజానికి ఆ ఏడు మందు కొట్టే పంపు చెడిపోయింది. తొక్కలు ఎండబెట్టి ఒక సంచి బస్సులో పంపాను.

కొన్నాళ్లకు ఫోను చేసింది. "పెద్దనాయినా, మీ తొక్కలు పనిచేసినయ్. గాజు గిన్నెల కణాల పెరుగుడు తగ్గింది."

ఇంకేముంది, ఆ సాయంత్రమే బిజినేపల్లి చాయ్ హోటల్లో కాన్సర్‌కు మందు కనిపెట్టేశాను. ఆ మాట బస్సులెక్కి ఆమె చెవిదాకా పోయింది. మళ్లీ ఫోను.

"తగ్గింది గిన్నెల, పెద్దనాయినా. మనిషిల ఏమైతదో ఇంక తెల్వదు. నీ మాట నమ్మి ఎవరన్న దవాఖానకు పోవుడు బంద్ చేస్తే ఎట్ల? ఎంత కనవడ్డదో అంతే చెప్పాలె."

కోప్పడలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మరుసటి ఏడు అదే ఫలితం ఇంకోసారి రావాలి. రాకపోతే మొదటిదాన్ని ఎవరూ నమ్మరు, ఆమె ఏళ్ల కష్టం వృథా. మళ్లీ తొక్కలు పంపాను. ఈసారి కణాలు హాయిగా పెరిగాయి. తిరిగి చూసినా అంతే. పైన ఉన్న ఆచార్యుడు ఈ పని వదిలి వేరేది చూసుకోమన్నాడట. దిక్కుతోచక సరళ తోటకు వచ్చింది.

మా ఆవిడ బాలమణి పండు ఒలిచి పెట్టింది. సరళ పండు పక్కనబెట్టి తొక్క నమిలింది. మొహం చిట్లించలేదు. అక్కడ పుట్టింది అనుమానం.

"పోయినేడు తొక్క నాలిక మీద పెడితే విషం లెక్కుండె. గిదేంది, గింత సప్పగుంది?"

"అవి చెట్ల కింద రాలిన పచ్చికాయలవి బిడ్డా. అప్పుడు నువ్వెవరో ఏమో. మిషన్ల వేసేదానికి మంచియి ఎందుకని ఏరి పంపిన."

"మరి ఈయేడు?"

"ఈయేడు ఇంటి ఆడబిడ్డవైతివి. ఆడబిడ్డకు రాలినయ్ పంపుతరా ఎవరన్న? మాగిన పండ్లు ఒక్కొక్కటి చూసి తెంపిన."

సరళ కడుపు పట్టుకుని నవ్వింది. "నీ ప్రేమ సల్లగుండ, నా కొంప ముంచితివి గద."

"ఆయన మంచి చేసినప్పుడే జర భయపడాలె బిడ్డా," అంది బాలమణి.

"తప్పు నాదే పెద్దమ్మా. ఏ కాయలని నేను అడగకపోతిని."

అని చెట్ల కింద కూచుని రాలిన కాయలు తానే ఏరుకుంది. పండ్లూ పట్టుకుపోయింది, వేరే సంచిలో. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. పచ్చికాయ తొక్క కణాలను నిలవరించింది, పండు తొక్క వదిలేసింది. ఎన్నిసార్లు చూసినా అంతే. ఓడిపోయిందనుకున్న ఏడాది కూడా నిజమే చెప్పిందని తేలింది. వదిలేయమన్న ఆచార్యుడే లేచి నిలబడి చేయి కలిపాడట. ఫోనులో ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఇటు నేనూ అంతే.

చాయ్ హోటల్లో అందరూ నా నోటికేసి చూశారు. "మందు దొరికినట్టేనా?" అన్నాడు హోటలు యాదయ్య.

"దొరకలే. గాజు గిన్నెల కణాలు నిమ్మళమైనయ్. అంతే."

"ఈయనకు పానం బాగలేనట్టుంది," అన్నాడు యాదయ్య.

ఆ రోజు హోటలంతటికీ చాయ్ పోయించాను. అంతటికీ కాదులెండి, మా బల్లకు.

సరళ ఇప్పుడు పెద్ద శాస్త్రవేత్త. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎండిన పచ్చికాయ తొక్క ఉంటుంది. గొప్ప నాలుక చివరికి వచ్చినప్పుడల్లా దాని అంచు కొరుకుతాను. చేదు గొంతు దిగేసరికి గొప్ప సగమవుతుంది. మిగిలిన సగం బయటికి వచ్చేస్తుంది. "అంత కాదులెండి" అంటూ వెనకాలే వెళ్లి పట్టుకొస్తాను.