తీగకు కట్టిన బొంత

నా భార్యను సూరత్ రమ్మని పెళ్లయినప్పటి నుంచీ బతిమాలుతూనే ఉన్నాను. ఒకసారి వచ్చి, వడోద్ బస్తీలో నా గది చూసి, నాలుగో రోజే ఊరికి తిరుగు రైలెక్కింది. "వాకిలి లేదు, మన్ను లేదు. గిది ఇల్లా, బీరువానా?" అంది. పోతూ పోతూ తన పాత నూలు చీరలతో కుట్టిన బొంత నాకు వదిలి, ఇక్కడ వాకిట్లో పెడదామని కొంగున ముడేసుకొచ్చిన శంఖుపూల గింజలు నా చేతిలో పోసింది.

"ఒక్క పువ్వు పూయించు, అప్పుడొస్త."

వాటిని అగ్గిపెట్టెలో పెట్టి మరిచిపోయాను. ఏడో తరగతి పుస్తకాలనూ అట్లాగే ఎక్కడో పెట్టి మరిచిపోయినవాణ్ణి.

కరోనా వచ్చి మేం నేసే సాంచాలు, ఆ మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. తోటివాళ్లు దొరికిన లారీ ఎక్కి ఊళ్లకు పోయారు. నేను జ్వరం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. లేచి కూర్చున్నాక అగ్గిపెట్టె గుర్తొచ్చింది.

డాబా మీద రంగు డబ్బాలో మట్టి నింపి గింజలు నాటాను. తీగ సాగగానే నా పనితనం చూపించాను. పిట్టగోడ నుంచి నీళ్ల ట్యాంకు దాకా పాలిస్టర్ దారాలు పడుగు పోసినట్టు బిగించాను. సాయంత్రం సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి లేచేది. తెల్లారేసరికి తీగ జారి, కల్లు తాగినవాడిలా డబ్బా పక్కన పడి ఉండేది. మళ్లీ ఎక్కించేవాణ్ణి. మళ్లీ పడేది. మా ఇద్దరికీ అదే పని.

వారం చూసి భార్యకు ఫోన్ చేశాను.

"ఏ దారం కట్టినవ్?"

"ఫస్ట్ క్లాస్ పాలిస్టర్. చీర నేస్తే పెళ్లికూతురు కట్టుకుంటది."

ఆమె ఎంతసేపు నవ్విందంటే, మా అత్త వచ్చి ఏమైందని అడగడం కూడా వినిపించింది.

"పదేండ్ల సంది దారంతోనే బతుకుతున్నవ్, గింత ఎరుక లేదా? గంత నున్నటి దాన్ని పట్టుకొని ఎట్ల పాకుతదయ్యా? నూలుది కట్టు."

దుకాణాలు మూసి ఉన్నాయి. నా చొక్కా, లుంగీ, కిటికీ తెర, అన్నీ పాలిస్టరే. గదిలో నూలుది ఒక్కటే ఉంది. దాన్ని నేను కప్పుకునేవాణ్ణి కాదు, ఉతికేవాణ్ణి కాదు, ఆమె వాసన పోతుందని. మడిచి తల కింద పెట్టుకునేవాణ్ణి, అంతే.

కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పెళ్లిచూపుల్లో ఆమె కట్టుకున్న ఆకుపచ్చ చీర ముక్క ఒకటి ఆ బొంతలో ఉంది. దాన్ని వదిలేసి మిగతావి చీల్చి పేలికలు కట్టాను. తీగ పట్టుకుని పాకింది. ఇంకో మూర సాగాక ఆకుపచ్చదీ చింపాల్సి వచ్చింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున నీలం పువ్వు విచ్చుకుంది. ఫోటో తీశాను గానీ పంపలేదు. పంపితే ఆమె వస్తాననో రాననో ఏదో ఒకటి చెప్పాలి కదా. మధ్యాహ్నం పువ్వు వాడిపోతుంటే అప్పుడు పంపాను.

వెంటనే ఫోన్ వచ్చింది. పువ్వు ఊసే లేదు.

"ఆ కట్టింది నా బొంతనా?"

"అవును."

"మొత్తం చింపినవా?"

"జరంత మిగిలింది. మాస్కుకు సరిపోతది."

ఆమె నవ్వలేదు.

"రైళ్లు మంచిగ నడవనీ. అప్పటిదాకా ఇంకోటి కుడుత," అంది. మళ్లీ తనే, "గీసారి ఇద్దరికి సరిపోయేటట్టు."

ఆ తర్వాత రోజూ ఫోన్‌లో ఒకటే అడిగేవాణ్ణి, కుట్టు ఎంతదాకా వచ్చిందని.