మార్నింగ్ షోలో చచ్చినవాడి కాఫీ

ఇంగ్లీషు నేర్చుకోవడానికి బొబ్బిలి నుంచి విజయనగరం వెళ్లదలచినవాళ్లకి ముందుగా ఒక మాట. పొద్దున్న పాసింజరు ఏడు గంటలకని బోర్డు మీద రాసి ఉంటుంది. అది నమ్మి ఆరున్నరకే ప్లాట్‌ఫారం మీద నిలబడితే, నాలాగే గంటసేపు కామేశ్వరరావు షావుకారి మొహం చూస్తూ గడపాల్సి వస్తుంది. ఆ ఆదివారం ఆయన మొహం చూడదగ్గట్టు లేదు.

అసలీ ప్రయాణం ఆయన వల్లే. నేను హైస్కూల్లో ఇంగ్లీషు మేస్టర్ని. సాయంత్రాలు షావుకారి బెల్లం గోడౌన్లో ఒక మూల పెద్దవాళ్లకి క్లాసు చెప్పేవాణ్ని. ముగ్గురే విద్యార్థులు. కలకత్తా నుంచి వచ్చే ఉత్తరాలు తనే చదువుకోవాలని షావుకారు, వీణలు చూడటానికి వచ్చే దొరలతో రెండు ముక్కలు మాట్లాడాలని వీణలు చెక్కే సింహాచలం, పంపుసెట్టుతో ఇచ్చిన పుస్తకంలో ఏముందో తెలుసుకోవాలని రైతు అప్పలనాయుడు చేరారు. ఆరు నెలలయ్యాక ఒక గురువారం షావుకారు పలక పక్కన పెట్టేశారు.

"నాకేటీ అంటడం లేదు మేస్టారూ. కొత్త బెల్లం వస్తన్నాది. సోటు కావాల."

పుస్తకంతో రాని భాష సినిమాతో వస్తుందని నేను నచ్చచెప్పాను. విజయనగరంలో ఆదివారాలు మార్నింగ్ షోకి ఇంగ్లీషు సినిమా వేస్తారు, ఒక్కసారి చూద్దామన్నాను. ఆయన ఒప్పుకున్నారు, కానీ షరతు పెట్టారు. సినిమా అర్థమైతే గోడౌన్లో క్లాసు ఉంటుంది, లేకపోతే బెల్లం ఉంటుంది.

ఇక్కడ పాఠకులకి ఒక రహస్యం చెప్పేస్తాను. నాకు వచ్చింది పుస్తకంలో ఇంగ్లీషు. దొరలు నోటితో మాట్లాడే ఇంగ్లీషు నాకు ఒక్క ముక్కా అర్థం కాదు. ఈ సంగతి అప్పటిదాకా మా ఆవిడకి కూడా తెలీదు.

రైలు ఏడూ నలభైకి వచ్చింది. ఇంజను వైపు కిటికీ దగ్గర కూర్చోకండి, కంట్లో బొగ్గు పడుతుంది. మా ఎదుట వంకాయల బుట్టతో ఒక ముసలమ్మ కూర్చుంది. నలుగురం ఇస్త్రీ బట్టల్లో ఉండటం చూసి "పెళ్లికేటి బావూ?" అంది.

"కాదమ్మా, ఇంగ్లీషు నేర్చుకోడానికి," అన్నాడు అప్పలనాయుడు.

"మీ ఊర్లో దొరకదేటి?" అని జాలిపడి, అతని చేతిలో రెండు వంకాయలు పెట్టింది.

షావుకారు తెచ్చిన అటుకులూ బెల్లమూ తింటుంటే నేను తలో కాగితం, పెన్సిలు పంచాను. కాగితం మీద గుర్రం, జీను, తుపాకీ లాంటి ఇరవై ఇంగ్లీషు మాటలు రాసి ఉన్నాయి. వినబడ్డ మాటకల్లా టిక్కు పెట్టాలి. కింద మూడు ప్రశ్నలు. ఎవరికేం కావాలి? ఎవరు అడ్డుపడుతున్నారు? కెమెరా దేన్ని దగ్గరగా చూపించింది? "మూడోది ముఖ్యం," అన్నాను. "ఏదైనా తెరనిండా చూపించారంటే దాన్ని మరిచిపోకండి." ఇది నేనొక పత్రికలో చదివాను.

గజపతినగరంలో టీ బాగుంటుంది, కానీ గ్లాసు తిరిగిచ్చేలోగా రైలు కదులుతుంది. పదింటికి విజయనగరంలో దిగి, రెండు రిక్షాల్లో హాలుకి చేరాం. నేలకీ కుర్చీకీ మధ్యలో బెంచి టిక్కెట్టు తీసుకున్నాం. ఫ్యాను కింద చోటు ఎంచుకుంటే దాని చప్పుడుకి మాటలు వినబడవు. నేను కోరి ఫ్యాను కిందే కూర్చున్నాను. అర్థం కాకపోతే ఫ్యాను మీద పెట్టొచ్చు కదా.

పదిన్నరకి సినిమా మొదలైంది. టోపీలు, గుర్రాలు, దుమ్ము. హీరోకి ఒక స్నేహితుడు, మీసాలాయన. అతను ఒక హోటల్లో కూర్చుని పొగలు కక్కుతున్న కాఫీ కప్పు ఎత్తాడు; కప్పు తెరనిండా కనబడింది. అంతలో దృశ్యం మారి నది ఒడ్డున తుపాకులు పేలాయి. మీసాలాయన నెత్తురోడుతూ పడి చచ్చిపోయాడు. హీరో టోపీ తీసి ఏడ్చాడు. వెంటనే తెర మీద ఒక్కసారి తెల్లటి గీతలు మెరిశాయి. చూస్తే మీసాలాయన మళ్లీ హోటల్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

నేల టిక్కెట్టువాళ్లు ఈలలేసి స్వాగతం చెప్పారు. అప్పలనాయుడు నా మోచేయి పొడిచాడు. "సచ్చినోడు కాఫీ తాగుతన్నాడేటి మేస్టారూ?"

షావుకారు కూడా నావైపు తిరిగారు. నాకు బెల్లం బస్తాలు కళ్ల ముందు కనబడ్డాయి. "దీన్ని ఫ్లాష్‌బ్యాక్ అంటారు," అన్నాను గంభీరంగా. "పోయినవాణ్ని హీరో తలుచుకుంటున్నాడు. రాసుకోండి." ముగ్గురూ చీకట్లోనే రాసుకున్నారు. నా జన్మలో అంత ధైర్యంగా పాఠం చెప్పలేదు.

పన్నెండున్నరకి బయటపడి దగ్గర్లో హోటల్లో భోజనం చేశాం. పప్పు బాగుంది, చారు అడిగితేనే పోస్తారు. తింటూ కథంతా చెప్పేశాను. సగం తెరమీద చూసింది, సగం అక్కడికక్కడ పుట్టించింది. హీరో తల్లికి జబ్బు కూడా పెట్టాను. అప్పలనాయుడికి నాలుగు టిక్కులొచ్చాయి, సింహాచలానికి రెండు. షావుకారి కాగితం మీద ఒక్కటీ లేదు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మజ్జిగ కూడా పోయించుకోకుండా లేచిపోయారు. క్లాసు పోయినట్టేనని నాకు అర్థమైంది. చాలా దిగులేసింది.

మూడు గంటల పాసింజరు దాదాపు వేళకే కదిలింది. మా ఎదుటి బల్ల మీద సన్నగా ఉన్న ఒకాయన కూర్చుని, మా చొక్కా జేబుల్లో కాగితాలు, పెన్సిళ్లు చూసి కంగారుపడుతున్నాడు. అతని వేళ్లు మసితో నల్లగా ఉన్నాయి. కాసేపటికి ఉండబట్టలేక అడిగాడు.

"మార్నింగ్ షోలో బెంచీల మీద కూకొని రాసినోళ్లు మీరే కదా బావూ? నాను పైన బొమ్మేసే మిషను కిటికీలోంచి సూసినాను. ఏ ఆఫీసోళ్లు మీరు? కంప్లైంటు రాసీసినారేటి?"

"దేనిమీద కంప్లైంటు?" అన్నారు షావుకారు.

"ఆ రీళ్ల మీద. ముందు ఊరోళ్లు నాలుగో రీలు డబ్బా మూత ఐదోదానికి పెట్టి పంపించీసినారు. నాను మూత మీద నంబరు సూసి ఎక్కించీసినాను. ముందు సావాల్సింది కాదు ఆడు. కాఫీ తాగి, ఆనక సావాల. మా ఓనరుకి సెప్పకండి, పిల్లలున్నోణ్ని."

మేం ఆఫీసువాళ్లం కాదని తెలిశాక అతను ఊపిరి పీల్చుకుని, అత్తవారింటికని గజపతినగరంలో దిగిపోయాడు. నాకూ అక్కడే దిగిపోవాలనిపించింది.

షావుకారు మెల్లగా కాగితం విప్పారు. "మరి ఈ ఫ్లాష్‌బ్యాక్ ఏటి మేస్టారూ?"

ఇంక దాచి లాభం లేదు. సినిమాలో ఒక్క మాటా నాకు అర్థం కాలేదని, హీరో తల్లికి జబ్బేమీ లేదని, అసలు హీరోకి తల్లి ఉందో లేదో కూడా తెలీదని చెప్పేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నాకు తెలిసిపోయినాది," అన్నాడు సింహాచలం.

మేం ముగ్గురం అతనివైపు చూశాం.

"ఆ కాఫీ కప్పు తెరనిండా సూపించారు కదా. అలాటిది మర్సిపోవద్దని మీరే సెప్పారు. కప్పు మూతికాడికి ఎల్తన్నాది. ఆనక నది, తుపాకులు, సావు, ఏడుపు. ఆనక మళ్లీ అదే కప్పు, అదే సెయ్యి, అక్కడే ఉన్నాది. పొగలు కూడా తగ్గలేదు. ఎత్తిన కప్పు మూతికి సేరడానికి పది నిమిషాలేటి? మద్దిన ముక్క తప్పు సోట పడిందనుకున్నాను."

"అప్పుడే చెప్పలేదేం?"

"మీరు ముచ్చటగా సెప్తన్నారు. అడ్డు రావడం బాగోదని."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను చెప్పిన ఆరు నెలల చదువులో ఎవరికైనా అంటిన పాఠం అదొక్కటే. అదీ నాకు రాని పాఠం.

షావుకారు మాత్రం నవ్వలేదు. "అయితే మేస్టారూ, మీకు కూడా అర్థం కాలేదు," అన్నారు.

"లేదండీ."

"ఆర్నెల్లు నాకొక్కడికే బుర్ర లేదనుకున్నాను. అందరికీ వస్తన్నాది, నాకే రావడం లేదని రోజూ సిగ్గుతో సచ్చాను. అందుకే క్లాసు మూసీమన్నాను. ఉండనీండి, బెల్లానికి వరండా ఉన్నాది." కాగితం మడుస్తూ అడిగారు. "నాకు తెలీదు అనడానికి ఇంగ్లీషులో ఏటంటారు?"

చెప్పాను. రైలు పెట్టె ఊగుతుంటే ఆయన దాన్ని లోపల్లోపల పదిసార్లు అనుకున్నారు.

ఐదు దాటాక బొబ్బిలిలో దిగాం. గేటు దగ్గర టిక్కెట్లు తీసుకునే ఆయన మా షావుకారికి పాత స్నేహితుడు. "ఇంగ్లీషు సినిమాకెళ్లావట కదా బావా, కథేటి?" అన్నాడు.

షావుకారు కండువా సర్దుకుని, ఛాతీ విరుచుకుని, స్టేషనంతా వినబడేలా "ఐ డోంట్ నో" అన్నారు.

ఆరు నెలల్లో ఆయన తడుముకోకుండా అన్న మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. ఉచ్చారణ నాకన్నా బాగుంది.