శెనక్కాయ అంచూ, నా వాక్‌స్వాతంత్ర్యమూ

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దోళ్ళు చెప్పిపోయినారు. ఫోటో జారితే ఏమవుతుందో చెప్పలేదు. వాళ్ళ కాలంలో ఫోన్లు లేవు గనక ఆ భారం నా నెత్తిన పడింది. నాలుగు మగ్గాల కొలువును, మా నాయన నలభై ఏండ్లుగా నిలబెట్టుకున్న మాటను, ఒక మధ్యాహ్నం అన్నం తింటా తింటా ఎడంచేత్తో ఎట్ల ముంచినానో చెప్తా. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతానే ఉండాది.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు, ఆయన కింద నాలుగు మగ్గాలు ఆడతాయి. నాకు నేతకు కావాల్సిన ఓపిక లేదు. గీత మాత్రం వచ్చు. చీర మీదికి ఏ బొమ్మ రావాలన్నా ముందు గళ్ళ కాగితం మీద గడి గడికీ రంగు నింపి గీయాల. ఆ గళ్ళను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలను మగ్గం నెత్తిన తగిలిస్తే బొమ్మ చీరలోకి దిగుతాది. చీరను చూసి కాపీ కొట్టాలంటే నెల రోజులు తిప్పలు పడాల. గళ్ళ కాగితం దొరికినోడికి ఆ తిప్పలేమీ లేవు, ఇంటి బీగంచెవి చేతికిచ్చినట్టే. ఈ సంగతి ధర్మవరంలో ఉగ్గుపాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. నాకప్పుడు ఇరవయ్యారేండ్లు.

ఆ యేడు హిందూపురంలో పెద్ద చీరల అంగడి నడిపే శెట్టిగారు మా ఇంటికొచ్చినాడు. "నెమళ్ళు, హంసలు చూసి చూసి మొగం మొత్తిందప్పా. కొత్తది ఏమన్నా గియ్యి" అన్నాడు. నేను వారం కూర్చుని శెనక్కాయ చెట్టు గీస్తి. పైన పసుపు పూలు, నడుమ ఆకు, కింద ఊడలు దిగి గుత్తులు గుత్తులుగా కాయలు. మా జిల్లాను బతికించిందీ ఏడిపించిందీ ఆ చెట్టే గదా, చీర అంచు మీద దానికి చోటు లేకపోవడం ఏం న్యాయం? శెట్టిగారు కాగితాన్ని వాకిట్లోకి తీసుకుపోయి వెలుతురులో పట్టి చూసినాడు.

"పెండ్లిండ్ల సీజనంతా మీ నాలుగు మగ్గాలూ నాకే" అన్నాడు చివరికి. "ఒక్కటే షరతు. నా అంగట్లో చీర వేలాడేదాకా ఈ బొమ్మ ఇంకో కంట పడగూడదు."

"నేను మాటిచ్చినాక అడిగేదేముంది శెట్టీ" అన్నాడు నాయన. ఆయన పక్కన నేను కూడా గంభీరంగా తలూపితి.

ఇంక నా ఇంకో బతుకు సంగతి చెప్పాల. పొద్దున మగ్గాల చప్పుడు మొదలుకాకముందే నేను ఫోన్లో పోట్లాట మొదలుపెట్టేవాణ్ణి. ప్రభుత్వం మీద, ప్రతిపక్షం మీద, ఉపగ్రహాల మీద, కరెంటు బండ్ల మీద. తెలిసిన విషయమైతే కోపంగా రాసేవాణ్ణి. తెలియనిదైతే ఇంకా కోపంగా రాసేవాణ్ణి. ఒక గ్రూపులో నా రాతలు తీసేసి నన్ను గెంటేసినారు. వాక్‌స్వాతంత్ర్యానికి నూకలు చెల్లినాయని నేను రెండు రోజులు అన్నం మానేస్తి. మూడో రోజు పెనుకొండలో ఫోన్లు రిపేరు చేసే మహబూబు, నాతో కాలేజీలో చదివినోడు, కొత్త గ్రూపు పెట్టినాడు. పేరు 'నోటికి బీగం లేదు'. దానికి రూలు రాసిచ్చింది నేనే: ఎవరు ఏది రాసినా, ఆకాశం విరిగి మీద పడినా, దాన్ని తీసెయ్యగూడదు.

ఆ గ్రూపులో శీనప్ప అని ఒకాయన. హిందూపురం మనిషి, ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేస్తాడంట. మొగం చూసింది లేదు. ఆయన పొద్దున్నే ఏదో సాంకేతిక వార్త పెడతాడు, దాని కింద నాకు రక్తపోటు పెడతాడు. ఆ మధ్యాహ్నం పెట్టింది ఇది: "ఇప్పుడు కంప్యూటరే బొమ్మలు గీస్తాంది. ధర్మవరంలో గళ్ళు నింపేవాళ్ళు ఇంక వేరే పని చూసుకోవాల."

ముద్ద పళ్ళెంలోనే వదిలేసి ఎడంచేత్తో మొదలుపెడితి.

"నీ కంప్యూటరు గీసిన చీర ఒకటి చూపీ" అని రాస్తి.

చూపించినాడు. నెమలికి మూడు కాళ్ళు.

"మూడో కాలు ఎందుకప్పా, స్టాండు వేసుకునేదానికా?"

"నవ్వు. వచ్చే యేటికి రెండే ఉంటాయి. నువ్వు గీసింది ఒకటన్నా ఉంటే చూపించు. ఊరికే అరుపులు కాదు, ఆధారం కావాల."

ఆధారం. ఈ మాట వింటే నాకు ఒంట్లో దయ్యం దూరినట్టు ఉంటాది. శెనక్కాయ చెట్టు కాగితం ఫోటో తీసి పంపిస్తి.

"మసగ్గా ఉండాది" అన్నాడు శీనప్ప.

దగ్గర్నుంచి తీసి పంపిస్తి.

"సగమే కనపడతాంది. మిగతా సగం కంప్యూటర్తో గీయించినావేమో."

కాగితాన్ని చాప మీద పరిచి, నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టి, కుర్చీ ఎక్కి, మూల మూలా, వరస వరసా ఎనిమిది ఫోటోలు తీస్తి. గడి గడీ లెక్కపెట్టుకోవచ్చు. మీరు అనుకుంటాంటారు, వీనికి ఆ క్షణంలో శెట్టి గుర్తుకు రాలేదా అని. రాలేదు. అన్నం తినే చెయ్యి ఎండిపోయిందనే గుర్తుకు రాలేదు.

నాయన లోపలికొచ్చి, "కుర్చీ ఎందుకెక్కినావురా?" అన్నాడు.

"బూజు దులుపుతాండా నాయనా."

శీనప్ప జవాబు రెండు మాటలు: "బాగుండాది. ఒప్పుకుంటా." మిగిలిన అన్నం నేను రాజు మాదిరి తిన్నా.

మూడో రోజు గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పని ఒకాయన, పవర్‌లూములు నడిపేటాయన, నాకు దండం బొమ్మ పెట్టినాడు. "అన్నా, శానా క్లియర్‌గా ఉండాయి ఫోటోలు. అట్టలకు ఇచ్చేసినా. నీ రుణం తీర్చుకోలేను."

తీసేద్దామని చూస్తే నేను తీసే గడువు దాటిపోయింది, ఇంక తీస్తే అడ్మినే తీయాల. పొద్దునే రైలెక్కి పెనుకొండలో దిగి, మహబూబు అంగట్లో జొరబడితి. వాడు ఎవరిదో ఫోను పొట్ట విప్పి కూర్చున్నాడు.

"ఆ ఎనిమిది ఫోటోలు తీసెయ్యబ్బా. నాయన మాట పోతాది."

"ఎట్ల తీస్తాను మామా? ఆకాశం విరిగి మీద పడినా తీయగూడదని రాసింది యెవురు?"

"ఇప్పుడు పడింది నా మీద."

"నీ మీద పడితే తీయొచ్చు, ఊరోళ్ళ మీద పడితే తీయగూడదా? కావాలంటే గ్రూపులో అడుగుదాం. అందరూ ఒప్పుకుంటే తీస్తా."

నా రాత నేనే తీసేసుకోవచ్చునా అని రెండు రోజులు చర్చ జరిగింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇది నియంతృత్వానికి తొలి మెట్టని ఒకాయన. రాజ్యాంగం చదవమని ఇంకొకాయన. అందరికంటే ముందు నిలబడి నా తరఫున కొట్లాడింది శీనప్ప. "ఆయనకూ నాకూ పడదు. అయినా ఆయన రాతను ఎవరు తీసేసినా నేను ఊరుకోను. ఆయనే తీసేసినా ఊరుకోను" అని రాసినాడు. నన్ను జన్మలో అంతగా కాపాడినోళ్ళు లేరు. చర్చ వేడెక్కేకొద్దీ, గొడవ దేనికని అడిగిన ప్రతివాడికీ ఆ ఎనిమిది ఫోటోలు ఇంకోసారి పంపించినారు.

నెల తిరక్కముందే శెట్టిగారు నాయనకు ఫోన్ చేసినాడు. ఇద్దరం హిందూపురం పోతిమి. శెట్టి గల్లా ముందర ఒక చీర పరిచి ఉండాది. మా శెనక్కాయలే, పవర్‌లూము మీద దిగి, పక్క వీధి అంగట్లోనుంచి వచ్చినాయి.

"ఏమప్పా ఇది?" అన్నాడు శెట్టి. ఆయన అరిచింటే బాగుండేది.

నాయన చీరను వేళ్ళ మధ్య పట్టుకుని చూసినాడు. "శెట్టీ, బొమ్మ మా వాడిదే. బయటికి పోయింది మాత్రం నా ఇంట్లోనుంచి కాదు. నా మగ్గం మీద ప్రమాణం."

వీధి చివర నీళ్ళ కొళాయి గురించి కూడా అభిప్రాయం ఉన్న నేను, ఆ గల్లా ముందర నేల వైపు చూస్తా నిలబడితి. వాక్‌స్వాతంత్ర్యం అంటే మూగగా ఉండే స్వాతంత్ర్యం కూడానని నాకు నేను సర్దిచెప్పుకుంటి. శెట్టి మా మగ్గాలు ఇంక వద్దన్నాడు.

అక్కడికి అయిపోయింటే, నేను దొంగనైనా తెలివైన దొంగగా మిగిలేవాణ్ణి. బస్టాండు దిక్కు నడుస్తాంటే ఒక అంగడి వాకిట్లో నిలబెట్టిన ప్లాస్టిక్ బొమ్మకు ఆ చీరే కట్టి ఉండాది. సేల్స్‌మన్ నాయన్ని పిలిచినాడు.

"రాండి పెద్దాయనా. కొత్త సరుకు. కంప్యూటరు గీసిన డిజైను."

నాయన నా చెయ్యి పట్టుకుని "పదరా" అన్నాడు. రెండడుగులు వేస్తి కూడా.

"మనిషన్నోడికి యాడ తడతాదప్పా, చీర మీద శెనక్కాయలు పెట్టాలని" అన్నాడు వాడు వెనకనుంచి. "అంతా ఏఐ."

చెయ్యి విడిపించుకుని వెనక్కి తిరిగితి.

"అది గీసింది నేను."

"అందరూ అట్లే అంటారు సార్. ఆధారం ఏముండాది?"

మీకు తెలిసిపోయింటాది. ఫోను తీస్తి. గ్రూపు తెరిస్తి. ఎనిమిది ఫోటోలూ వాని మొగం ముందర ఒక్కొక్కటే జరిపిస్తి. వాడు కాసేపు ఫోనునూ, కాసేపు చీరనూ చూసినాడు.

"నిజమే సార్, గడి గడికీ సరిపోయింది. మీ పేరు కూడా ఉండాది. మీరే గీసినారు. నాది తప్పు."

పదేండ్ల పోట్లాటలో నా ఎదురుగా నిలబడి ఒక మనిషి తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. ఛాతీ విరుచుకుని పక్కకు తిరిగితి. నాయన నా భుజం మీదుగా ఫోన్లోకి చూస్తాండాడు. అద్దాలు తేలేదు ఆయన.

"ఏ తేదీ ఉండాదప్పా దాని మీద?" అని సేల్స్‌మన్ని అడిగినాడు.

వాడు చదివి వినిపించినాడు, స్పష్టంగా, మర్యాదగా. నాయన వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు.

"మనం అట్టలు కొట్టకముందే. అప్పటికి కాగితం మన ఇల్లు దాటలే" అన్నాడు. మళ్ళీ, "గెలిచినావా?" అని అడిగినాడు.

నేను ఫోను జేబులో పెట్టుకుంటి.

"పద. నేను మగ్గం మీద అబద్ధం ప్రమాణం చేసినా. పోయి వెనక్కి తీసుకోవాల."

'నేనే పంపినా శెట్టిగారూ' అనేది మూడు మాటలు. అవి చెప్పేదానికి నాకు పట్టినంత సేపు అంతకుముందు ఏ ఉపన్యాసానికీ పట్టలేదు. ఎందుకు పంపినావని అడిగినాడు శెట్టి. గెలవాలని, అంటి. అంగట్లో ఉన్న ఆడోళ్ళతో సహా అందరూ నవ్వినారు. నాయన నవ్వలేదు. ఆ సీజనంతా మా మగ్గాల మీద వేరే వాళ్ళ నెమళ్ళే ఎగిరినాయి.

కాబట్టి చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తాండా. వాదించడం మానేస్తానని కాదు, అది మానితే నేను నెల తిరక్కుండా పోతా. ఇంక ఈ జన్మలో ఏ వాదనలోనూ గెలవను. ఆ పని శీనప్పకు వదిలేసినా. ఆయన ఎన్నిసార్లన్నా గెలవచ్చు, ఆయనింట్లో మగ్గాలు లేవు.